రంగులు వేసేదాకా ఉండే చిరునామా

2018 జూన్ 11, సోమవారం. ప్రొబేషన్ ఆఫీసర్‌గా అది నాకు ఇరవై ఏడో ఏడు. కేసు తేలేదాకా మైనర్లను అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచే బదులు, మా పర్యవేక్షణలో బెయిల్ మీద ఇంటికి పంపే వీలు చట్టంలో ఉంది. వారం వారం మా ఆఫీసులో సంతకం, చెప్పకుండా మేం చేసే ఇంటి తనిఖీ, ఆపైన మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు నివేదిక. తేడా వస్తే మళ్లీ హోమ్‌కే.

ఆ రోజు నాకు అప్పగించిన అబ్బాయిని మహేష్ అందాం. పదహారేళ్లు. నారాయణగూడలో స్నేహితుడు ఎవరిదో ఫోన్ లాక్కుంటే, బండి నడిపింది ఇతను. తల్లి బాలమ్మ మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్ గేటు పక్క గదిలో కాపలా ఉండేది. 'తల్లి దగ్గర, పై చిరునామాలో ఉండాలి' అని బోర్డు ఉత్తర్వు. ఆ చిరునామా నింపింది నేనే.

జూన్‌లో రెండుసార్లు సాయంత్రం ఆరింటికి వెళ్లాను. ఇద్దరూ ఉన్నారు. జూలై 16 నాటికి సంతకాలు ఐదుకు ఐదు.

జూలై 19న వెళ్తే వాళ్లుండే గదిలో ఇప్పుడు కరెంటు మీటర్లున్నాయి. మహేష్ గేటు మెట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఫ్లాట్ల సంఘం సెక్రటరీ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరమ్మా మీరు? ఈ పోరడు రోజూ ఆరింటికొచ్చి కూసుంటడు. ఎవరెవరు బయటికి పోతున్నరో చూస్కుంటున్నడు. పోలీసోళ్లకు చెప్తున్న."

ఆయన్ని ఆపి, మహేష్‌ను పక్కకు పిలిచాను.

"మీ అమ్మ ఏది?"

"రాంనగర్‌ల మేడం. ఈడ బిల్డింగ్ అయిపోయింది. మేస్త్రి ఆడ కట్టే బిల్డింగ్‌కు పంపిండు. ఇరవై రోజులాయె."

"సోమవారాలు వచ్చావుగా, ఎందుకు చెప్పలేదు?"

"మీరు సంతకం పెట్టుమన్నరు, పెట్టిన."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"కాగితంల ఈడనే ఉండాలె అని ఉండె గద! అమ్మ కాడ గూడ ఉండాలె అని ఉండె. పండేది అమ్మ కాడ. మీరొచ్చే టైముకు ఈడ."

నివేదికలో ఒకటే గడి: షరతు పాటించాడా, అవునా, కాదా? ఇరవై రోజులు చిరునామాలో లేడు. ఇరవై రోజులూ చిరునామాకు వచ్చాడు. 'కాదు' అని రాసి కొట్టేశాను. 'అవును' అని రాసి అదీ కొట్టేశాను. చివరికి జరిగింది జరిగినట్టు రాసి, గడి ఖాళీగా వదిలేశాను. నా ఉద్యోగంలో ఖాళీ గడి అదొక్కటే.

జూలై 24న బోర్డులో మేజిస్ట్రేట్ మేడం కాగితం చూసి, "అవునా, కాదా? ఏదో ఒకటి చెప్పండి" అన్నారు.

"నాకు తెలియడం లేదు మేడం. అక్కడ ఎన్నాళ్లు ఉంటారని, చిరునామా నింపిన రోజు నేను అడగలేదు. అదొక్కటి తెలుసు."

ఆవిడ నా నివేదికలో రాంనగర్ చిరునామా వెతికారు. ఉత్తర్వులో అదే రాయించి, బెయిల్ కొనసాగించారు.

వరండాలో బాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మహేష్ నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఇగ అశోక్‌నగర్ పోవాల్నా, వద్దా?"

"వద్దు. రాంనగర్‌లోనే ఉండు."

వాడు తల గోక్కున్నాడు. "ఆడ గూడ రంగులేస్తున్నరు మేడం."

ఆ మాట చెప్పడానికి మళ్లీ లోపలికి నడిచాను. అప్పటినుంచి చిరునామా పక్కన నా చేత్తో ఇంకో గడి గీసేదాన్ని: ఇల్లు ఎంతవరకు వచ్చింది?