వేలంలో కొన్న ఇంటి పాత పన్ను

మా ఆయనకి కోపం ముక్కు మీదుండేదని జనం అంటారు. ముక్కు మీద కాదు, చేతుల్లో ఉండేది. పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. నర్సీపట్నంలో బెల్లం వ్యాపారం చేసేవారు. నా మెళ్లో గొలుసు అమ్మించి, కోర్టు వేలంలో ఒక వడ్రంగి ఇల్లు కొన్నారు. వడ్రంగి ఆ ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీర్చలేకపోతే, షావుకారు దావా వేసి వేలానికి తెచ్చాడు. పాపం ఆ మనిషి పెళ్లాన్ని తీసుకుని ఊరి చివర పాకలోకి పోయాడు, మేం ఆ ఇంట్లో దిగాం.

"కోర్టు వేలమంటే గంగలో మునకే! పాత బాకీలన్నీ కొట్టుకుపోతాయి" అని మా ఆయన ధీమా. ఇంటిపన్ను ఏమైనా మిగిలిందేమో కనుక్కోండి అన్నాను. "ఆడదానివి, నీకేటి తెలుసే?" అన్నారు. ఎవరికి తెలుసో నెల తిరక్కుండానే తేలింది.

పన్ను గుమాస్తా బంట్రోతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాత పన్ను బాకీ ఉందన్నాడు.

"ఆడు ఎగ్గొట్టింది నేను కట్టడవేటండీ?" అని మా ఆయన అరిచారు.

"మనిషి మారితే మాకేటండీ? పన్ను ఇంటి మీదుంటాది. ఇల్లెవరిదైతే ఆలే కట్టాల."

కట్టనన్నారు. బంట్రోతులు జప్తు కింద వీధి తలుపు రెక్కలు ఊడదీసి బండికెక్కించారు. వీధి వీధంతా నిలబడి చూసింది. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది.

మా ఆయన తలుపు అడ్డకర్ర పట్టుకుని పరుగెత్తారు, వెనకాలే నేను. పాక ముందు వడ్రంగి బాడిసతో నాగలి చెక్కుతున్నాడు.

"దొంగ నాయాలా, నీ పన్ను నా నెత్తిన రుద్దుతావా!"

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది తల మీదికి వస్తుంటే అతను కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మూడో దెబ్బ పడకుండా కర్ర లాక్కుని, మా ఆయన మోకాళ్ల మీద ఒక్కటి వేశాను. వేశాను, అబద్ధమెందుకు? ఇంకో నాలుగు వెయ్యాల్సింది.

మర్నాడు కుంటుకుంటూ వెళ్లి ఆయనే పన్ను కట్టి వచ్చారు. ఆ డబ్బు ముందు రోజు కూడా మా ఇంట్లోనే ఉంది.

వడ్రంగి చెయ్యి వంకరగా అతుక్కుంది. మళ్లీ బాడిస పట్టలేడని తెలిసి, బియ్యం మూట మోయించుకుని వెళ్లాను. అతని భార్య మూట దింపనివ్వలేదు.

"పన్ను ఇంటిదమ్మా. ఇల్లు మావు ఒగ్గీసినాం. ఆయన సెయ్యి ఏలానికి ఎట్టనేదు కదా, అదెందుకు ఇరగ్గొట్టీనారు?"

మూట మళ్లీ మోయించుకుని ఆ ఇంటికే వచ్చాను.