మంత్రిగారి ముందు ఆడని ఎనెలెసి

మా జోంబా ఊరి బజారులో ఎండుచేపలు అమ్మే ఎనెలెసికి ఊరికొచ్చిన నాయకుల ముందు చిందేసి ఆడడం పెళ్లికాని రోజుల నుంచీ అలవాటు. ఒకాయన ధరలు సర్కారే నిర్ణయిస్తుందన్నాడు, ఆడింది. తర్వాతివాడు ధరల్ని గాలికి వదిలేస్తేనే దేశం బాగుపడుతుందన్నాడు, అప్పుడూ ఆడింది. ఆడినందుకు దక్కేది నాయకుడి మొహం అచ్చేసిన చితెంజె గుడ్డ. నడుముకి చుట్టుకుంటే ఆ మొహం సరిగ్గా కూర్చునే చోటికి వచ్చేది. వాళ్లకు తగిన చోటు అదొక్కటే అనేది ఎనెలెసి, నవ్వకుండానే.

ఆ ఏడు మా డబ్బు, క్వాచా, విలువ ఒక్కసారిగా పడిపోయింది. ఎరువుల మీద రాయితీ ఎత్తేశారు. వారం తిరక్కముందే, సంస్కరణల గురించి జనానికి నచ్చజెప్పడానికి మంత్రి వస్తున్నాడని కబురు. పార్టీ కార్యదర్శి గాంబతుల అనేవాడు ఎనెలెసి గంపల దగ్గరికొచ్చాడు. నిన్నమొన్నటిదాకా ఇంకో పార్టీ జెండా మోసినవాడే.

"అక్కా, శనివారం మీ ఆడవాళ్లందర్నీ తీసుకురా. కొత్త గుడ్డలిస్తాం."

"ఎందుకు ఆడాలి?"

"సంస్కరణలు తెచ్చినందుకు."

"అంటే ఏంటి తమ్ముడూ?"

గాంబతుల గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు కష్టపడితే తర్వాత సుఖపడతామని."

"కష్టపడేదెవరు, సుఖపడేదెవరు?"

"నీతో మాటలు నా వల్ల కాదు. గుడ్డ కావాలా వద్దా?"

"తీసుకురా. గంప మీద కప్పడానికి పనికొస్తుంది."

శనివారం మంత్రి మూడు గంటలు ఆలస్యంగా దిగాడు. గొడుగు పట్టడానికి ఒకడు, నీళ్లసీసా మూత తిప్పడానికి ఇంకొకడు. దేశం కోసం ఏడాదిన్నర కడుపు కట్టుకోవాలన్నాడు. ఆ మాట చెబుతుంటే అతని చొక్కా గుండీలు పొట్ట మీద నిలవడానికి నానా అవస్థా పడ్డాయి.

గాంబతుల సైగ చేశాడు. డప్పులు మోగాయి. ఎనెలెసి కదల్లేదు. ఆమె వెనకున్న నలభైమందీ కదల్లేదు. డప్పులవాళ్లు కాసేపు వాయించి, సిగ్గేసి ఆపేశారు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" మంత్రి మైకులోనే అడిగాడు.

"కడుపు కట్టుకోమన్నారు కదయ్యా. అప్పుడే మొదలెట్టాం. కాళ్లు లేవట్లేదు."

మంత్రి గబగబా కారెక్కాడు. మంత్రి మాటల్ని మహిళలు కదలకుండా, శ్రద్ధగా విన్నారని ఆ సాయంత్రం రేడియోలో చెప్పారు.

సోమవారానికల్లా గాంబతుల, బజారులో ఆమె చేపలు పెట్టుకునే బల్లను ఇంకొకరికి ఇప్పించాడు. ఎనెలెసి ఇప్పుడు బస్టాండు గోడవార నేలమీద కూర్చుని అమ్ముతోంది. ఎండ సూటిగా మొహం మీద పడుతుంది. పక్కన కూర్చుని, భయమేయలేదా అని అడిగాను.

"భయపడాలన్నా ఎదుటివాడికి కాస్త విలువివ్వాలి కదే," అంది. "సరే, లే. మొక్కజొన్నపిండి ఇప్పుడే కొనుక్కో. మధ్యాహ్నానికి ధర మళ్లీ పెంచుతారు."