మేనత్తను చూడబోయిన కారు

మొన్నామధ్య మా చెల్లెలి కొడుకు కారులో తిరుపతి వైపు వెళ్తూ, చూసి చూసి విసుగు పుట్టి, గూడూరు ఎప్పుడొస్తుందిరా అని అడిగాను. "దాటి పావుగంటైంది పెద్దమ్మా" అన్నాడు. ఊరు కనపడలేదు, రైలు గేటు కనపడలేదు, నిమ్మకాయల బస్తాలు కనపడలేదు. ఊళ్లన్నిటినీ పక్కకు నెట్టేసి రోడ్డు తన దారిన తాను పోతోంది. వాడికి నన్ను చూస్తే నవ్వొచ్చింది, నాకు మాత్రం రాలేదు. ఒకప్పుడు మేము కావలి దగ్గర్నుంచి వాకాడుకు కారులో పోయాం. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే దారి. మాకు మూడు రోజులు పట్టింది.

అరవైల మొదట్లో సంగతి. నాకు పదేళ్లు. మా మేనత్త నాన్న కంటే పన్నెండేళ్లు పెద్ద. మా అవ్వ పోయేనాటికి నాన్న ఇంకా పాలు మరవలేదట, గంజి తాగించి పెంచింది మేనత్తే. తర్వాత ఆమె బైబిలు స్త్రీగా చేరింది. ఆ రోజుల్లో మిషన్లో అలాంటివాళ్లు ఉండేవాళ్లు. తెల్లచీర కట్టుకుని, చంకకు సంచీ తగిలించుకుని, ఊరూరా నడిచిపోయి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం వాళ్ల పని. ఆమె అలా ఎండల్లో నడిచిన నడకలతోనే నాన్న ట్రైనింగు చదివి పంతులయ్యాడు, ఆ పైన మా ఊరి సంఘానికి పెద్ద కూడా అయ్యాడు. ఇదంతా అయ్యాక, నలభయ్యో ఏట, మేనత్త వాకాడు అవతల సముద్రం ఒడ్డు పల్లెలో చేపలు పట్టుకునే ఒకాయన్ను పెళ్లి చేసుకుంది. ఆయన పెళ్లాం పోయినవాడు, మా మతం వాడు కాదు. వల వేయడానికి పోయి తానే వల్లో పడిందని మావాళ్లు ఎగతాళి చేశారు. మా సంఘంలో ఏ సంగతైనా చేతులెత్తి తేల్చేవాళ్లు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఆమెను ప్రభువు బల్ల నుంచి తప్పించాలా వద్దా అన్నారు. అంటే ఇక ఆమెకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు, ఆమె మా మనిషి కాదు. చేతులు లేచాయి. నాన్న చెయ్యి కూడా లేచింది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న మేనత్త తల తిప్పి అది చూసిందని అమ్మ చెప్పేది. తర్వాత ఎనిమిదేళ్లు అక్కాతమ్ముళ్లకు రాకపోకల్లేవు.

ఆ ఎనిమిదేళ్ల మీద మేనత్త భర్త రాయించిన కార్డొకటి వచ్చింది. మీ అక్కకు బాగా జబ్బుగా ఉంది, నిన్ను చూడాలంటోంది అని రెండే ముక్కలు. నాన్న ఆ కార్డును రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. మూడోరోజు కావలి డాక్టరు గారిని అడిగి వాళ్ల నల్ల కారునీ, దాంతో పాటు డ్రైవరు సాయిబునీ మాట్లాడుకొచ్చాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ మావాళ్లకు ఒక పట్టింపు ఉంది. చుట్టాలున్న ఊరి మీదుగా బస్సులో పోయినా పోవచ్చు, బస్సు మన మాట వినదు కదా. కారులో పోతూ దిగకపోతే మాత్రం మూడు తరాలు చెప్పుకుంటారు. దిగితే భోంచెయ్యాలి, భోంచేస్తే ప్రార్థన చేసుకోకుండా గడప దాటకూడదు. అది తెలిసీ నాన్న దారిపొడుగునా ఉన్న చుట్టాలందరికీ అమ్మ చేత కార్డులు రాయించాడు. మేనత్తకు మాత్రం తానే రాశాడు, శుక్రవారం సాయంత్రానికి వస్తానని.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. ముందు నాన్నా, సాయిబూ. వెనక అమ్మ, నేను, చెల్లెలు, మా ముగ్గురికీ మధ్య మేనత్త కోసం అమ్మ చేసిన సున్నుండల డబ్బా. ప్రతి పదిమైళ్లకూ కారుకు దాహం, చెల్లెలికి వాంతి. నెల్లూరులో చిన్నాయన ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పులుసు ముందురోజే కాచిపెట్టారు, చేపల పులుసు ఒక రాత్రి గడిస్తేనే రుచి. తిన్నాక చిన్నాయన ప్రార్థనకు మోకరించాడు. ఆయన ప్రార్థనంటే మా పిల్లలందరికీ హడలు. ఆదాము దగ్గర మొదలుపెట్టి, ఇశ్రాయేలీయుల్ని ఎడారి దాటించి, మా కారు టైర్ల దాకా వచ్చేసరికి దీపాల వేళైంది. ఈ పూటకు ఉండిపొండి అన్నాడు. సాయిబు బయట నిలబడి, ఎంత పొద్దుపోయినా నేను చేరుస్తాను సార్ అన్నాడు. నాన్న ఆకాశం వైపు చూసి, ఏటి దగ్గర ఇసుక ఉంటుంది, చీకట్లో వద్దులే అన్నాడు.

శనివారం గూడూరు. అక్కడ మా పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. ఆమె కోడిని కోసి పెట్టింది. తిని లేచేటప్పటికి ఇంకా రెండు గంటలు కూడా కాలేదు. అప్పుడు పెద్దమ్మ, "ఇప్పుడు పోతే రేపు ఆదివారం ఆడ చర్చి కూడా లేదు. ఆరాధన మానుకోని ఏం పోతారు, రేపు చూసుకోని పోండి" అంది. నాన్న ఒక్క నిమిషం ఆలోచించి, అదీ నిజమే అని చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించాడు. అమ్మ ఆ చొక్కా వంక చూసింది. నాకు మాత్రం సంతోషంగా ఉంది. పెద్దమ్మ పిల్లలతో రైలు పట్టాల దాకా పోయి ఆడుకున్నాను. ఈ వయసులో ఆ సంతోషాన్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సాయిబే ఉండబట్టలేక, "చూడాల్సిన మనిషి ఆడ ఉంటే, మనం ఈడ తింటా కూర్చోనుండాం సార్" అన్నాడు. నాన్న చెంబుతో నీళ్లు తెచ్చి, తానే కారులో పోశాడు. చాలా ఏళ్ల పాటు నేను చుట్టాల మీదే కోపం పెట్టుకున్నాను. ఆ పులుసు మీద, ఆ కోడి మీద, చిన్నాయన ఇశ్రాయేలీయుల మీద కూడా. వాళ్లు ఉండమన్న మాట నిజమే. కానీ ఎవరు ఉండమన్నా నాన్న రెండోసారి అనిపించుకోలేదు.

వాకాడుకు ముందొచ్చే కోట ఊళ్లో మాకు చుట్టాలెవరూ లేరు కనక ఆగలేదు. వాకాడు దాటి, సరుగుడు తోటల మధ్య ఇసుకలో కారు కూరుకుపోతే అక్కడి నుంచి నడిచాం. మేనత్త ఇల్లు తాటాకుల ఇల్లు. వాకిట్లో, దారికి ఎదురుగా, నులకమంచం మీద ఆమె పడుకుని ఉంది. పక్కన కూర్చున్న మామ లేచి నిలబడి, నాన్నను "రండి సారూ" అన్నాడు. బావ వరసైన మనిషి నాన్నను సారూ అనడం నాకే చివుక్కుమనిపించింది. "శుక్రవారం మద్దేనం నించీ మంచం ఈడే ఏయించుకోనుండాది. నిన్న పొద్దుగూకేదాకా బాగానే మాట్లాడినాది. రాత్రి నించీ మనిషిని గుర్తుపట్టడంలా" అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే నాన్నకు కొంచెం తేలికయ్యేదేమో.

నాన్న మంచం దగ్గర ఇసుకలో కూర్చుని, "అక్కా, నేనొచ్చినా" అన్నాడు. ఆమె కళ్లు తెరిచి ఆయన్ను చాలాసేపు చూసింది. "కావలి పక్కనించా వస్తివి అబ్బయ్యా? దోవలో మా తమ్ముడి కారేమైనా అగుపించినాదా?"

"నేనేనక్కా."

"కాదులే. వాడు కారులో వస్తానని రాసినాడు."

నాన్న మరోసారి చెప్పబోయాడు. మామ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నాన్న తల వంచుకుని, "అగుపించినాడమ్మా. గూడూరు దాటినాడు. వస్తా ఉండాడు" అన్నాడు.

మేనత్త మొహం తేటపడింది. "వాడు అంతే అబ్బయ్యా. చిన్నప్పుడు కూడా తప్పు చేస్తే ఇంట్లోకి రాడు, చీకటి పడేదాకా ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరగతా ఉంటాడు. నువ్వు ఎదురుపోయి చెప్పు. అక్క మనసులో ఏం పెట్టుకోలేదు, వచ్చి అన్నం తినమంటా ఉండాదని చెప్పు."

"చెప్తానమ్మా" అన్నాడు నాన్న. ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

ఆమె మర్నాడు పొద్దున పోయింది. సముద్రానికి ఇవతల సరుగుడు తోటలో వాళ్ల పద్ధతిలోనే మట్టి చేశారు. నాన్నను ప్రార్థన చెయ్యమని మామే అడిగాడు. నాన్న కళ్లు మూసుకుని నిలబడ్డాడు, కానీ నోట మాట రాలేదు. పల్లెవాళ్లు కొంతసేపు చూసి, చేతుల ఇసుక దులుపుకుని ఇళ్లకు పోయారు. తిరుగుదారిలో మేము గూడూరులో గానీ నెల్లూరులో గానీ ఆగలేదు. ఎవరేమనుకున్నారో కూడా తెలియదు.

ఆ తర్వాత నాన్న ఇరవై రెండేళ్లు బతికాడు. సంఘపెద్దరికం ఆ ఏడే వదులుకున్నాడు. ఎప్పుడైనా ఆ మాటొస్తే అమ్మ ఓదార్పుగా, "ఆమె మన్నించింది కదయ్యా, నీ మొహం మీదే చెప్పింది కదా" అనేది. "నాకు చెప్పలేదు. దోవన పోయేవాడికి చెప్పింది" అనేవాడు నాన్న. ఆ ఇరవై రెండేళ్లలో మా పెళ్లిళ్లయ్యాయి, మనవలు పుట్టారు, ఆదివారాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయాయి. నాన్నకు ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం రానేలేదు.