మూడు ఎర్ర కుట్లు

నా చిన్నప్పుడు ఐర్లండులో, ఎప్పుడూ తడిసే ఉండే మా ట్రాలీ ఊళ్లో వాన పడటం మానేసిన వసంతం ఒకటి వచ్చింది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. కానీ ఇప్పటికి నలభై ఏళ్ల కిందట, 2020లో, కోవిడ్ వచ్చి మనుషులంతా ఇళ్లలోకి వెళ్లి తలుపులు వేసుకున్న ఆ ఏడు, ఆకాశం వారాల తరబడి నీలంగానే ఉండిపోయింది. నాకప్పుడు పదేళ్లు. బడి మూసేశారు. వంటింటి బల్లకు ఒక చివర నాన్న ఆఫీసు పని, రెండో చివర నా పాఠాలు.

అమ్మ ఇంట్లో లేదు. ఆమె ఆసుపత్రిలో నర్సు. కోవిడ్ వార్డులో డ్యూటీ పడ్డాక, నాన్నకు ఉబ్బసం ఉందన్న భయంతో, తోటి మలయాళీ నర్సుతో కలిసి పట్టణం అవతల ఒక గదిలో ఉండసాగింది. రోజూ సాయంత్రం పని ముగించుకుని, స్నానం చేసి బట్టలు మార్చుకుని, నడుచుకుంటూ మా వీధికి వచ్చేది. నాన్న ఇంటి ముందు పొట్టి గోడ మీద అన్నం డబ్బా పెట్టి గుమ్మం దాకా వెనక్కి వచ్చేవాడు. అప్పుడు ఆమె వచ్చి డబ్బా తీసుకుని, మళ్లీ ఫుట్‌పాత్ అంచుకు వెళ్లి నిలబడేది. మా కుటుంబమంతా కలుసుకునేది ఆ పది నిమిషాలే. "తిన్నావంట్రా? గోళ్లు తీసుకున్నావా?" అని ఆమె తెలుగులో అడిగేది. "యా, గ్రాండ్", అంటే అంతా బాగానే ఉందని, నేను ఇంగ్లీషులో అనేవాణ్ణి. తెలుగు అర్థమయ్యేది గాని, వీధిలో నోరు తెరిచి మాట్లాడాలంటే సిగ్గు.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎనభై ఎనిమిదేళ్ల యూదు. ఆయన తెలియనివాళ్లు ఊళ్లో లేరు. మధ్య ఐరోపాలో ఏదో పట్టణం నుంచి పసితనంలో ఒంటరిగా బయటపడి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఐర్లండు చేరి, దూరపు బంధువు దర్జీ దుకాణంలో బొత్తాలు కుడుతూ పని నేర్చుకున్నాడట. తర్వాత మా ఊళ్లో రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఏ వీధికి వెళ్లినా ఆయన దగ్గర పనిచేసిన ఒక్క ఆడమనిషైనా కనిపించేది. పిల్లల వార్డులో మంచాలు, గ్రంథాలయానికి పైకప్పు, చదువు ఆగిపోయిన ఎందరికో కాలేజీ ఫీజులు, ఇవన్నీ ఆయన చలవేనని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఎక్కడా ఆయన పేరు రాసిన పలక మాత్రం లేదు. భార్య పోయాక పెద్ద ఇల్లు అమ్మేసి, మా లాంటి ఇంట్లోకే, మా గోడ పక్కకే వచ్చి చేరాడు. అంత మనిషి చెత్తబుట్ట తానే బయటికి లాక్కెళ్లడం నేను కిటికీలోంచి వింతగా చూసేవాణ్ణి.

డెబ్బై దాటినవాళ్లు ఇల్లు కదలకూడదని ప్రభుత్వం చెప్పింది కాబట్టి, ఆయన ముందు తోటలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "అరవై ఏళ్లు రెయిన్‌కోట్లు అమ్మాను. మనుషులు బయటికి రాకూడదన్న ఏడే దేవుడు ఎండ పంపించాడు. ఆయనకు వ్యాపారం బొత్తిగా తెలీదు" అని గోడ అవతల నుంచి నాన్నతో అనేవాడు.

మే నెలలో ఆంక్షలు కొంచెం సడలాయి. మా ఇళ్ల ముందున్న గడ్డిలో నలుగురు పిల్లలు దూరదూరంగా ఆడుకోవచ్చన్నారు. రెండు నెలల తర్వాత మొదటిసారి హాకీని పోలిన ఇక్కడి ఆట హర్లింగ్‌కు వాడే కర్ర పట్టుకుని పరుగెత్తాను. అప్పటికే ముగ్గురున్నారు. మూలింటి కుర్రాడు నన్ను చూసి చేత్తో ఆపాడు.

"మీ మామ్ కోవిడ్ వార్డులో చేస్తుందట కదా. నువ్వు ఆ చివర నిలబడు. ఇంకా చివరికి. డింగిల్‌లో నిలబడితే ఇంకా మంచిది."

మిగతా ఇద్దరూ నవ్వారు. డింగిల్ మాకు ముప్ఫై మైళ్ల అవతల, సముద్రం ఒడ్డున ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే అమ్మ వీధి మలుపు తిరిగి గోడ దగ్గరకు వచ్చింది. నన్ను గడ్డిలో చూసి, ఎన్నాళ్లకో బయట కనిపించానన్న సంతోషంతో చేయి పైకెత్తి ఊపింది.

"ఆవిడేనా?" అన్నాడు వాడు.

"కాదు" అన్నాను. "మా అమ్మ ఇండియాలో ఉంది. విమానాలు లేక ఆగిపోయింది. ఆవిడెవరో నాకు తెలీదు. మా నాన్న అన్నం పెడితే తీసుకెళ్తుంది."

వాళ్లు నమ్మాలని గట్టిగానే అన్నాను. అమ్మ చేయి కాసేపు గాలిలోనే ఉండి, తర్వాత మెల్లగా కిందికి దిగింది. డబ్బా తీసుకుని, అలసటగా ఉందని నాన్నకు చెప్పి, ఆ రోజు నిలబడకుండానే వెళ్లిపోయింది. నేను ఆటలో ఉండిపోయాను. ఆ సాయంత్రం రెండు గోల్స్ కూడా కొట్టాను. అది దాచి మిగతాది చెబితే ఈ కథ చెప్పే అర్హత నాకుండదు.

మర్నాడు లేచిన దగ్గర నుంచి ఒకటే ప్రశ్న. అమ్మకు వినిపించిందా? గడ్డికీ గోడకూ మధ్య దూరాన్ని కిటికీలోంచి ఎన్నిసార్లు కళ్లతో కొలిచానో. ఒకసారి చాలా దూరంగా కనిపించేది, ఒకసారి చెంతనే ఉన్నట్టుండేది.

మధ్యాహ్నం పక్కింటి పెద్దాయన నన్ను పిలిచాడు. బట్టలు ఆరేసే తాడుకు ఊతమిచ్చే పొడవాటి కర్రను గడ్డి మీద అడ్డంగా పడేసి, "ఇది సరిహద్దు. దాటితే గార్డులను పిలుస్తాను" అన్నాడు. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు. నాకు నవ్వు రాలేదు. నిన్న ఆయన కుర్చీ తోటలోనే ఉందని నాకు తెలుసు. తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన లోపలికి వెళ్లి ఒక కోటు తెచ్చి తాడుకు తగిలించాడు. నా కంటే చిన్నపిల్లాడి కోటు. మోచేతుల దగ్గర అతుకులు, వెలిసిన గోధుమ రంగు ఉన్ని.

అప్పుడు చెప్పాడు. ఆయనకు ఏడేళ్లప్పుడు, తల్లిదండ్రులు లేని పిల్లలను కొందరు పుణ్యాత్ములు సరిహద్దు దాటిస్తున్నారట. తల్లి ఉన్నవాడికి అందులో చోటు లేదు. తండ్రిని నాజీలు అప్పటికే తీసుకుపోయారు. తల్లి కొడుకు పేరును అనాథల జాబితాలో ఎక్కించింది. ఎక్కించి, వారం రోజుల పాటు ఇంట్లో కొడుకు చేత ఒకే ఒక్క వాక్యం వల్లె వేయించింది. 'ఆవిడెవరో నాకు తెలీదు.' తడబడితే మళ్లీ చెప్పించింది. ఏడిస్తే మొహం కడిగి మళ్లీ చెప్పించింది. రైలు కదిలే రోజు రాకూడదని తెలిసీ స్టేషనుకు వచ్చి ఒక స్తంభం పక్కన నిలబడింది. కాగితాలు చూసే అధికారికి ఏం అనుమానం వచ్చిందో, ఆమెను వేలెత్తి చూపించి ఎవరని అడిగాడు. ఏడేళ్ల పిల్లాడు తడబడకుండా పాఠం అప్పజెప్పాడు. ఆ క్షణంలో తల్లి మొహంలో గర్వం కనిపించిందని, ఆమెను చూడటం అదే ఆఖరని పెద్దాయన చెప్పాడు.

నా కాళ్ల కింద గడ్డి తప్ప నాకింకేమీ కనబడలేదు. నిన్న నేనన్న మాటే. అక్షరం కూడా తేడా లేదు.

"నేను ఆ మాట అన్నందుకు మా అమ్మ సంతోషించింది" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "మీ అమ్మ ఏం చేసింది?"

"చెయ్యి ఊపింది" అన్నాను.

ఆయన తలూపాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కోటు కాలరు తిప్పి చూపించాడు. లోపలి వైపు మూడు ఎర్ర కుట్లు. మిగతా పిల్లల కోట్లతో కలిసిపోకూడదని, చెడ్డ కన్ను పడకూడదని తల్లి వేసిన కుట్లు. వాళ్లలోనూ దిష్టికి దారం ఉందని విని, గుంటూరులో మా నానమ్మ పాస్టరు గారికి కనపడకుండా నా మొలకు కట్టిన నల్లతాడు గుర్తొచ్చింది. తన ఫ్యాక్టరీలో తయారైన ప్రతి కోటుకూ కాలరు లోపల ఆ మూడు కుట్లు వేయించాడట. దారం దండగ, సమయం దండగ అని మేనేజర్లు మొత్తుకున్నా వినలేదు. ఎందుకని అడిగినవాళ్లకు, అలవాటు అని చెప్పి ఊరుకున్నాడు.

"తప్పిపోయినవాడి కోటు ఎవరికైనా దొరికితే, వీడికీ ఒక అమ్మ ఉందని వాళ్లకు తెలియాలి కదా" అన్నాడు నాతో. తర్వాత, పెద్ద విషయం కానట్టు, "ఆసుపత్రి చొక్కా మెడ లోపల ఏముందో ఇవాళ మీ అమ్మనడుగు" అన్నాడు.

ఆ సాయంత్రం నేను గడ్డిలోకి వెళ్లలేదు. గోడకు ఇవతల నిలబడ్డాను. పిల్లలు ముగ్గురూ ఆడుతూనే ఉన్నారు. అమ్మ మలుపు తిరిగింది. ఈసారి చేయి ఊపలేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు తల దించుకుని వస్తోంది. ఆ నడక చూశాక కిటికీలోంచి తీసిన కొలతలన్నీ అనవసరమయ్యాయి.

"అమ్మా" అని పిలిచాను. వీధి మొత్తానికీ వినపడేటట్టు, తెలుగులో. మూలింటి కుర్రాడు ఆట ఆపి చూశాడు. "అది మా అమ్మ" అని వాడికి చెప్పాను.

"నాకు తెలుసులే. ఇద్దరిదీ ఒకటే ముక్కు" అని వాడు బంతి వెనక పరుగెత్తాడు.

అమ్మ ఫుట్‌పాత్ అంచున ఆగింది. చొక్కా సంగతి అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. "నీకెవరు చెప్పార్రా? కొత్తగా వచ్చిన చొక్కాలన్నిటికీ మెడ లోపల మూడు ఎర్ర కుట్లున్నాయి. ఎవరు కుట్టి పంపిస్తున్నారో తెలీదు. వార్డులోకి వెళ్లేముందు అందరం ఒకసారి వేలితో తడుముకుంటాం. ధైర్యంగా ఉంటుంది."

ఆయన పేరు చెప్పబోయి ఆగాను. తర్వాత తెలిసింది, మార్చిలోనే ఆయన కుర్చీలోంచి కదలకుండా పాత పనివాళ్లందరికీ ఫోన్లు చేసి, ఇంటింటికీ బట్ట పంపించి కుట్టించాడని.

"అమ్మా, నిన్న నేను..." అని మొదలుపెట్టాను.

"నిన్న ఆ వాన చప్పుడులో నువ్వేమన్నావో నాకొక్క ముక్క వినపళ్లేదు నాన్నా" అంది అమ్మ. "పప్పులో ఉప్పు ఎక్కువైందని మీ నాన్నకి చెప్పు." డబ్బా తీసుకుని, ఈసారి పది నిమిషాలూ నిలబడింది.

నిన్న వాన పడలేదు. మొన్నా పడలేదు. ఆ నెలంతా ట్రాలీలో చినుకు లేదు.

ఆ చలికాలంలోనే పెద్దాయన పోయాడు, కోవిడ్‌తో కాదు, వయసుతో. అంత్యక్రియలకు పదిమందికి మించి వెళ్లకూడదన్నారు. డబ్లిన్‌లో ఉన్న వాళ్ల శ్మశానానికి కారు బయలుదేరినప్పుడు, మా వీధి నుంచి ఊరి చివరి దాకా మనుషులు రెండేసి మీటర్ల దూరంలో వరుసగా నిలబడ్డారు. ఫ్యాక్టరీలో పనిచేసిన ముసలమ్మలందరూ ఆ పొడి ఎండలో రెయిన్‌కోట్లు వేసుకుని వచ్చారు. ఆ కోట్లలో ప్రతిదాని కాలరు లోపలా ఏముందో అందరికీ తెలుసు. ఎందుకుందో తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పదేళ్ల పిల్లాడికి, అందులోనూ తప్పు చేసినవాడికి, ఆయన అంతటి దాన్ని అప్పగించి వెళ్లాడు.

ఆ తర్వాత నేను మారిపోయానని రాస్తే బాగుండేది. ఆఫీసులో అమ్మ ఫోను వస్తే పక్కవాళ్లకు తెలుగు వినపడకూడదని మెట్ల మీదకు వెళ్లినవాణ్ణి నేను. ఈ లిపి రాయడం నేర్చుకున్నది కూడా తల నెరిశాకే. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ రోజు సంగతి నేను ఒప్పుకోలేదు. ఆమె అడగలేదు. నా కోసం ఆమె కురిపించిన ఆ వాన కిందే తలదాచుకుని ఇంతకాలం గడిపేశాను.

ఇప్పుడు నా కోటు కాలరు లోపల మూడు ఎర్ర కుట్లున్నాయి. నా చేత్తో వేసుకున్నవే, వంకరగా ఉంటాయి. గడప దాటే ముందు వేలితో తడుముతాను. స్తంభం పక్కన నిలబడినామెను చూపించి ఎవరో ప్రశ్న అడిగినట్టు అనిపిస్తుంది. "మా అమ్మ" అంటాను. తెలుగులోనే, వీధికి వినపడేటట్టు.