గోడలో కట్టిన అరుగు

మధ్యయుగాల యూరప్ చెప్పడానికి మా కాలేజీ టైంటేబుల్‌లో నాకు ఎప్పుడూ భోజనం తర్వాతి పీరియడే దక్కుతుంది. పిల్లలు టిఫిన్ డబ్బాలు మూసి, కళ్ళు కూడా మూయబోతున్న వేళ. నేను బోర్డు మీద గుండ్రటి కమాను ఒకటి, మొనదేలిన కమాను ఒకటి గీసి, బరువు ఎటు దిగుతుందో బాణాలు వేసి చూపిస్తాను. గుండ్రటిది బరువును ఎక్కువగా పక్కలకు తోస్తుంది, అందుకే పాత చర్చిలకు కోటగోడలంత మందం కావలసి వచ్చింది. మొనదేలినది బరువును చాలావరకు కిందికి దించుతుంది. మిగిలిన తోపుడును బయటి నుంచి రాతి ఊతాలు పట్టుకుంటాయి, మన దగ్గర ఒరిగిన మట్టిగోడకు దుంగ మోపు పెట్టినట్టు. గోడ మీద భారం తగ్గింది కనుక పెద్ద పెద్ద కిటికీలు పెట్టారు, లోపలికి వెలుతురు వచ్చింది. ఇంత చెప్పి గర్వంగా వెనక్కి తిరిగితే ఒక చెయ్యి లేస్తుంది. "మేడం, ఇది ఇంపార్టెంటా?" ఇంపార్టెంటే అంటాను. నాకు ఇంపార్టెంట్, కాబట్టి అది అబద్ధం కాదు.

ఈ పాఠం పరీక్షకు కాకుండా ఇంకెవరికైనా పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. పోతిరెడ్డిపల్లిలో మా ఇంటికి దగ్గరలోనే మా చర్చి ఉంది. జోగిపేట వైపు ఊళ్ళ నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు కట్టుకున్నది. రేకుల కప్పు, సున్నం గోడలు, నేల మీద జంపఖానాలు. ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు, వెనకాల ఒడిశా, జార్ఖండ్ నుంచి పనికొచ్చిన కుర్రాళ్ళు. మా పెద్దవాళ్ళు దాన్ని చర్చి అనరు, గుడి అంటారు. నిరుడు ఎండాకాలం దాన్ని విప్పి పెద్దగా కట్టాలని సంఘం తీర్మానించింది. పనంతా చూసుకున్నది మా సంఘ పెద్ద, ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ఆయన. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా షిఫ్టు వేస్తున్నట్టే మాట్లాడతాడు.

ఆయన ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"వందనాలు మేడం. మీరు హిస్టరీ గదా. ముందటి గోడకు మంచి డిజైన్ గావాలె. మెదక్ చర్చి లెక్కనే ఉండాలె, కానీ జెర చిన్నగ."

ఫోన్‌లో ఎవరో చేసిచ్చిన బొమ్మ చూపించాడు. రెండు శిఖరాలు, మొనదేలిన ద్వారం, పక్కలకు ఊతాలు. అన్నీ సిమెంటుతో ముందు గోడకు అతికించినవే. వెనక మళ్ళీ రేకుల షెడ్డే.

"అన్నా, ఈ ఊతాలు దేనికి? పైన రాతి కప్పు లేదు, బరువే లేదు. గోడ ఎటు పోతదని పట్టుకుంటున్నయి?"

"షో ఉండాలె గద మేడం. రోడ్డు మీదికెల్లి పోయేటోళ్ళకు కనవడాలె."

పైన పటారం లోన లొటారం అన్న మాట నోటి దాకా వచ్చింది. దేవుడి పని కదా అని మింగేశాను. మంచి ఫొటోలు వెతికిపెడతానన్నాను. వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకో సంగతి చెప్పాడు. ఈసారి జంపఖానాలు ఉండవట, బెంచీలు చేయిస్తున్నారట, చందా ఇచ్చినవాళ్ళ పేర్లు వెనక చెక్క మీద రాయిస్తారట. ఇంకా గోడలే పూర్తిగా లేవలేదు, ఏ బెంచీ ఎవరిదో మాత్రం ఖాయమైపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ మాటలన్నీ పక్కగదిలో మంచం మీద కూర్చుని మా అమ్మ వింటూనే ఉంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయి, అప్పటికి రెండేళ్ళుగా నేల మీద కూర్చోలేకపోతోంది. మొదట్లో చర్చిలో ఆమెకు తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఒక ఆదివారం కూర్చుంది. మరుసటి ఆదివారం రానంది. నేను బతిమాలాను, ఆ తర్వాత కోప్పడ్డాను. నా కోపం ఇంట్లో అందరికీ అలవాటే. అమ్మ అసలు లెక్కచేయదు.

"అందరు కింద కూసుంటే నేనొక్కదాన్నే కుర్చీల కూసుంటనా? మా ఊళ్ళె దొర కూసునేటోడు గట్ల. మా నాయన, మా తాత అందరు ఆయన ముందట కింద కూసునేటోళ్ళు. గుడిల గట్ల లేదనే గద మనోళ్ళు గుడికి పోయింది."

"నువ్వు దొరవా అమ్మా? మోకాళ్ళు నొస్తున్నయని కూసుంటున్నవు."

"చూసేటోళ్ళకు మోకాళ్ళు కనవడతయా?"

అసలు బాధ పాస్టరు అయ్యగారు చెప్పే వాక్యం వినలేకపోవడం కాదు, అది ఫోన్‌లోనూ వినొచ్చు. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఉంటుంది. అందరూ ముందుకు వెళ్ళి, బల్ల ముందున్న కమ్మీ దగ్గర మోకరించి తీసుకోవాలి. అమ్మ మోకరించలేకపోయేది. అయ్యగారు ఇంటికే తెచ్చి ఇస్తానన్నారు. "ఇంట్ల దీసుకునేది మంచంల వడ్డోళ్ళు. నేనింక వడలే" అని ఆయనకు టీ ఇచ్చి పంపేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ సంస్కారం తప్పడం నేను చూడలేదు. ఆ రెండేళ్ళూ మొదటి ఆదివారం వస్తే పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ఎక్కడికీ పోకుండా మంచం మీదే కూర్చునేది. అమ్మ పోయేలోగా ఒక్కసారైనా మళ్ళీ అది అందరి మధ్య అందుకుంటుందా అన్నదే నా భయం. ఆ భయాన్ని కోపంగా మార్చి ఇంట్లోవాళ్ళ మీద చూపించేదాన్ని.

బెంచీలు వస్తాయి కదా, ఒకదానికి మనమూ ఇద్దాం అన్నాను. "పేరు రాయించుకొని కూసునుడేంది గుడిల" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ వారమే ఒక సెలవు మధ్యాహ్నం ఫోర్‌మన్ అన్న కోసం ఫొటోలు వెతుకుతూ కూర్చున్నాను. అమ్మ నా పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెద్ద పెద్ద చర్చిలన్నీ అయిపోయాక, ఏదో పల్లెటూరి చర్చి లోపలి ఫొటో ఒకటి తగిలింది. మందపాటి గోడలు, చిన్న కిటికీలు. కుర్చీల్లేవు. గోడ అడుగున మాత్రం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, గోడలోంచే ముందుకు వచ్చిన రాతి అరుగు. మధ్యలో అరిగి నున్నగా ఉంది. దీని గురించి నేను చదివాను. పిల్లలకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"అదేంది, అరుగా?" అంది అమ్మ తొంగిచూసి.

"అరుగే. అప్పట్ల వాళ్ళ గుడులల్ల బెంచీలు ఉండకపోయేటివి అమ్మా. రైతులు, వ్యాపారం చేసేటోళ్ళు అందరు నిలబడుడే, నేల మీద మోకరించుడే. కూసునుడు ముసలోళ్ళు, చాతగానోళ్ళే. వాళ్ళ కోసం గోడ పొంటి గీ రాయి. బెంచీలు, పేర్లు, ఇది మాదంటే మాదని కొట్లాటలు అన్నీ వెనకొచ్చినయి."

"సంస్కారం గూడ నిలవడే తీసుకునేటోళ్ళా?"

"మామూలోళ్ళకు ఏడాదికొక్కసారి, ఈస్టర్‌కు దొరికితే దొరికినట్టు. మిగతా దినాలు అయ్యగారు అడ్డంగ కట్టిన చెక్క జాలీ అవతల నిలవడి చేసేటోడు, వీళ్ళు దూరంకెల్లి చూసేటోళ్ళు."

"ఏడాదికొక్కసారన్న దొరికింది వాళ్ళకు" అంది అమ్మ. చేతిలో కాయ ఆగిపోయింది. కాసేపు ఆ ఫొటోనే చూసింది. "ఈ అరుగు తర్వాత ఏసిండ్రా, గోడతోనే కట్టిండ్రా?"

"గోడతోనే."

"అంటే ముసలోళ్ళు వస్తరని కట్టేటోళ్ళకు ముందుగాలనే ఎరుక."

ఇన్నేళ్ళు కమానుల బరువు గురించి చెప్పాను గానీ, ఒక గోడను చూసి ఈ సంగతి నాకు తట్టలేదు. కుర్చీ అయితే మనం వచ్చాక, మనల్ని చూసి, ఎక్కడి నుంచో తెచ్చి వేస్తారు. అది వేసినప్పుడల్లా నలుగురూ తిరిగి చూస్తారు. అరుగు మనకంటే ముందే అక్కడ ఉంటుంది. మన గుడిలో ఇట్లాంటిది కడితే వస్తావా అని అడిగాను. "కట్టినంక చూద్దాం" అంది. అమ్మ భాషలో అది ఒప్పుకోవడమే.

మరుసటి సమావేశం సగం లేచిన గోడల మధ్యనే, షామియానా కింద జరిగింది. నేను ఫొటో చూపించి, ఎనిమిది వందల ఏళ్ళ నాటి సంగతి నుంచి మొదలుపెట్టాను. కాసేపటికి నా క్లాసులో కనిపించే ముఖాలే అక్కడా కనిపించాయి.

"అరుగు కడితె జాగ పోతది మేడం" అన్నాడు ఫోర్‌మన్ అన్న. "రెండు దిక్కుల బెంచీలు చిన్నగ చెయ్యాల్సొస్తది. ఇచ్చేటోళ్ళకు మాట గూడ ఇచ్చినం."

నాకు ఒళ్ళు మండింది. యూరప్‌ను అక్కడే వదిలేశాను.

"మా అమ్మ రెండేండ్ల సంది సంస్కారం తీసుకోలే. ఇంత పెద్దగ కడుతున్నం, ఆమె కూసునే జాగ ఇందుల ఏడున్నది? మీరే చూపియ్యుండ్రి."

అయ్యగారు నేల చూపులు చూశారు. ఫోర్‌మన్ అన్న లేచి గోడ దగ్గరికి వెళ్ళి, అరచేత్తో కొలిచి, మేస్త్రీతో ఏదో మాట్లాడి వచ్చాడు. "గోడ ఇంక లేస్తనే ఉంది. కడితె ఇప్పుడే కలిపి కట్టాలె, తర్వాతంటె పనిగాదు" అన్నాడు. అదే ఆయన ఒప్పుకున్నట్టు. బదులుగా నేను ఆయన శిఖరాలకు అడ్డు చెప్పలేదు, ఏ బరువూ మోయని ఆ ఊతాలకు కూడా. మొనదేలిన ద్వారానికి మాత్రం నాకు నచ్చిన ఫొటో ఇచ్చాను. అమ్మ మంచం ఎత్తును దారంతో కొలిచి, ఆ దారం మేస్త్రీకి ఇచ్చాను. రెండు వైపులా ఇటుకలతో అరుగు కట్టి, పైన షాబాదు బండలు పరిచారు.

కొత్త చర్చి తెరిచింది ఒక మొదటి ఆదివారం నాడు. ముందు గోడ క్రీము రంగు, ఎరుపు రంగులతో పెళ్ళి మంటపంలా ఉంది. రోడ్డు మీద పోయేవాళ్ళు నిజంగానే తిరిగి చూస్తున్నారు, ఫోర్‌మన్ అన్న గేటు దగ్గర నిలబడి వాళ్ళను చూస్తున్నాడు. లోపల పేర్లు రాసిన బెంచీలు ముందు కొన్ని వరసలకే సరిపోయాయి, వెనక పాత జంపఖానాలే పరిచారు. అమ్మ ఆటో దిగి, నా భుజం పట్టుకుని మెట్లెక్కి, గుమ్మంలో ఆగింది. అప్పటికే అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు, నెలలు నిండిన ఒక కోడలుపిల్ల, పాదానికి కట్టుతో, పొరపాటున ఆడవాళ్ళ వైపు వచ్చేసిన ఒక ఒడిశా అబ్బాయి కూర్చుని ఉన్నారు. అమ్మ నా భుజం వదిలేసింది. గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ తనే నడిచి, కోడలుపిల్ల పక్కన కూర్చుని, వీపు గోడకు ఆనించింది. ఎవరూ తిరిగి చూడలేదు. నేను ఆమె కాళ్ళ దగ్గర జంపఖానా మీద కూర్చున్నాను.

సంస్కారం వేళకు ఎప్పటిలాగే ముందు వరసలవాళ్ళు లేవబోయారు. అయ్యగారు చేత్తో ఆగమని సైగ చేశారు. పళ్ళెం, గిన్నె తీసుకుని బల్ల దగ్గర నుంచి మెట్లు దిగారు. బెంచీలు దాటారు, జంపఖానా అంచున నడుచుకుంటూ గోడ వైపు వచ్చారు. అమ్మ కంగారుగా లేవబోయింది.

"కూసోండమ్మా. మీరు రానక్కర లేదు, నేనొచ్చిన గదా."

అమ్మ రెండు అరచేతులూ కలిపి చాచింది. ఆ సమయంలో తల వంచుకోవాలి, నేను వంచుకోలేదు, ఆమె ముఖమే చూస్తూ ఉండిపోయాను. ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గోడ పొడవునా అందరికీ ఇచ్చాకే అయ్యగారు వెనక్కి వెళ్ళి మిగతావాళ్ళను పిలిచారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో, ఇల్లు దగ్గర పడుతుండగా అమ్మ అంది:

"వచ్చే ఆదివారం జెర జల్దీ తోల్కపో బిడ్డా. ఇయ్యాల జాగ దొరికింది. అందరికి తెలిసినంక దొరుకుతదో లేదో."

"గా జాగ నీదే అమ్మా. వేరేటోళ్ళను కూసోనియ్య."

"గట్లెందుకంటవే. నేను పోయినంక ఇంకో ముసల్ది కూసోవద్దా?" అని, చీర కొంగు సర్దుకుంది. "అందాక మాత్రం జల్దీ తోల్కపో."