మన అంగడి

ఎండకు మాడిన నేల మీద తొలి చినుకులు పడ్డ వాసన వస్తే చాలు, జీవితంలో నేను బేరమాడకుండా చేజార్చుకున్న ఒకే ఒక్క వస్తువు గుర్తొస్తుంది. అది నా భారత పాస్‌పోర్టు. వేంపల్లెలో మా నాయనది కిరాణా అంగడి. చీపురుకట్ట కొనాలన్నా మూడుసార్లు వెళ్లిపోయినట్టు నటించే ఇంట్లో పెరిగాను. అలాంటి నేను బోట్స్వానా పౌరసత్వం కోసం సొంత దేశాన్ని కౌంటరు మీద పెట్టి, మారుమాట్లాడకుండా బయటికొచ్చాను. మా వంశంలో ఇంత నష్టపు బేరం ఇంత దర్జాగా చేసినవాడు ఇంకొకడు లేడు. ఇక్కడ రాజధాని గాబరోనేలో వాన పడితే జనం ‘పుల, పుల’ అని కేకలేస్తారు. వాళ్ల భాషలో పుల అంటే వాన. వాళ్ల రూపాయి పేరు కూడా అదే. వానను డబ్బుగా లెక్కపెట్టుకునే దేశాన్ని కర్నూలు ఎండల్లో తిరిగినవాడు ప్రేమించకుండా ఎలా ఉంటాడు? ఆ ప్రేమ సంగతి సుశీలమ్మత్తకు చెప్పబోయి చిక్కుల్లో పడ్డాను.

కర్నూలు పాతబస్తీలో ఆమెది స్టీలు సామాన్ల అంగడి. మాకు చుట్టరికం లేదు. చదువయ్యాక ఆమె దగ్గర లెక్కలు రాయడానికి చేరి, అందరిలాగే అత్తా అనడం మొదలుపెట్టాను. ఆమె గొంతు పెంచేది కాదు, ధర దించేది కాదు. చేరిన కొత్తలో బిందె కోసం వచ్చిన ఒకావిడతో “మా అంగట్లో అంతా గ్యారంటీ సరుకమ్మా” అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. అత్త నన్ను పిలిచింది.

“ఏమప్పా శీనా, ‘మా అంగడి’ అంటివే, ఆ యమ్మను యాడ నిలబెట్టినావు?”

“ఈడనే గదత్తా, ముందరే.”

“ఈడ కాదు, వీధిలో. ‘మా’ అంటే ఆ యమ్మ బయటి మనిషి. ‘మన అంగడి’ అను, లోపలికొస్తాది. లోపలికొచ్చినోళ్లు ధర కాడ రోంత సిగ్గుపడ్తారు.”

దాన్ని వ్యాపారపు కిటుకనే అనుకున్నాను. కానీ ఏనాడో అమ్మిన కుక్కరుకు పిడి ఊడిందని ఎవరైనా తెస్తే, అత్త కొత్తది వేయించి ఊరికే ఇచ్చేది. నేను గొణిగితే, “మన అని పిల్చినాం గదప్పా, ఇప్పుడు నువ్వెవరని అడగమంటావా?” అనేది. ఆమెకు ఆ మాట కిటుకు కాదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

2000 ప్రాంతంలో ఒక తెలుగాయన దుకాణం చూసుకోవడానికి బోట్స్వానా వెళ్లాను. తర్వాత సొంతంగా అంగడి పెట్టాను. వెళ్లిన పదో ఏట పౌరసత్వం వచ్చింది. ఆ ఉత్సాహంలో అత్తకు ఫోన్ చేశాను. “మా దేశంలో పైసా లంచం లేకుండా పనైపోయిందత్తా. మీ దేశంలో అయితేనా...” అన్నాను.

అత్త “అట్లనా సార్, మంచిది” అంది.

‘ఏమప్పా శీనా’ అని తప్ప నన్ను మరోలా పిలవని మనిషి సార్ అంది. ఆ వేసవిలోనే వీసా వేయించుకుని కర్నూలు వెళ్లాను. అంగడి మెట్టెక్కుతుంటే ఎదురొచ్చింది.

“రండి సార్, కూర్చోండి. మా అంగట్లో ఏం చూపీమంటారు?”

పనివాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ‘మా’కు అర్థం అక్కడ నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆమె నోట మళ్లీ ‘మన’ అనిపించుకోకుండా విమానమెక్కితే, పాస్‌పోర్టు ఇచ్చినప్పుడు పోని దేశం అప్పుడు పోతుందనిపించింది. వెంటనే నాకు చేతనైన బేరం మొదలుపెట్టాను.

“తప్పయిందత్తా. యాడుండినా నా మనసంతా ఈడనే ఉండాది.”

“ఎవరికి అమ్ముతాండావప్పా ఈ మాట? అంగడి ఆడ, ఓటు ఆడ, మనసు మాత్రం ఈడ మర్చిపోయి పోయినావా? ఆడ పదేండ్లు కూడు పెట్టిన ఊరినే కాదంటాండావు. రేపు మమ్మల్ని కాదనవా?”

బేరం అక్కడితో బెడిసికొట్టింది. కూర్చుని, జంకకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

“ఆడ జెండా ఎగరేస్తే లేచి నిలబడి గట్టిగా పాడతానత్తా. అది నా దేశమే. దానికి సిగ్గుపడను. ‘మీ దేశం’ అని నిన్ను బయట నిలబెట్టినానే, దానికి శానా సిగ్గుపడతాండా.”

ఇంతలో ఎవరో అమ్మాయి పాలగిన్నె కావాలంటూ వచ్చింది. అత్త గల్లాపెట్టె దగ్గర్నుంచి కదల్లేదు.

“శీనా, ఆ పాపకు మన గిన్నెలు చూపీప్పా.”

లేచి చూపించాను. ధర మాత్రం తగ్గించలేదు.

అత్త ఇప్పుడు లేదు. నా లెక్క నేనే తేల్చుకోవాలి. నాకొక అంగడి వచ్చింది, ఓటు వచ్చింది, నోరారా పాడుకోవడానికి రెండో జాతీయగీతం వచ్చింది. మొత్తం మీద లాభమే. మళ్లీ చేయమన్నా అదే పని చేస్తాను. అయితే ఇండియాలో దిగిన ప్రతిసారీ విమానాశ్రయంలో అధికారి “ఎన్నాళ్లుంటారు?” అని అడుగుతాడు. పుట్టిన ఊరికి పోతూ తిరుగు తేదీ చెప్పాలి. చెప్తాను. ఆ తేదీని లాభంలో కలిపేసి సర్దిచెప్పుకోవడం నాకు కష్టమేమీ కాదు, అది నా వృత్తి. కానీ సర్దను. అది నష్టమే.