నాయనమ్మ అడిగిన రొట్టె

మా చిన్నప్పుడు, గోదారికి వరదొచ్చిన రోజుల్లోనే మా నాయనమ్మ మంచం పట్టింది... ఇక లేవదని అందరికీ తెలిసిపోయింది. రాజోలు దగ్గర, గోదారి మధ్యలో ఉన్న లంక మాది. పాస్టరు గారు నెలకోసారి అవతలి ఒడ్డునించి పడవలో వచ్చి ప్రభువు బల్ల ఇచ్చేవారు, అదే, ప్రభువు శరీరం, రక్తం అనుకుని తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. ఆ వారం పడవలన్నీ కట్టేశారు.

మిగతా రోజుల్లో మా సంఘాన్ని నడిపింది బైబిలు స్త్రీ కరుణమ్మ గారే. పాటలు నేర్పడం, జబ్బుపడ్డవాళ్ల దగ్గర ప్రార్థన చెయ్యడం, చివరికి బల్లకి రొట్టె కాల్చడం కూడా ఆవిడే. ఆ రొట్టె విరిచి ఒకరికి పెట్టడానికి మాత్రం పనికిరారు!

"కరుణమ్మా, బల్ల తీసుకోకుండానే పోతానేమోనే... నువ్వే పెట్టవే," అని నాయనమ్మ పొద్దున్నించీ బతిమాలుతోంది.

ఆవిడ రొట్టె కాల్చి పళ్లెంలో పెట్టుకుని వచ్చారు. సంఘ పెద్ద మా చిన్నతాతయ్యే. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆడమనిషి చేత్తో ఇస్తే చెల్లదండి. పాస్టరు గారు రావాలండి."

"ఎలా వస్తారండీ? గోదారి చూసేరా? మనిషి పోతోందండీ!"

ఆయన కదల్లేదు. ఆవిడ పళ్లెం అక్కడే పెట్టి రేవుకి పరుగెత్తి, పడవవాళ్ల కాళ్లావేళ్లా పడ్డారు. ఆ నీళ్లలో ఎవరు వేస్తారు పడవ? తడిసి ముద్దయి తిరిగొచ్చి, గడప అవతలే కూలబడి "ప్రభువా, నేనేం చెయ్యను?" అని బావురుమన్నారు.

నాయనమ్మకి ఎగశ్వాస మొదలైంది. అప్పుడు లేచారు కరుణమ్మ గారు. చిన్నతాతయ్యని పక్కకి నెట్టి, రొట్టె తుంచి నాయనమ్మ నోట్లో పెట్టారు...

గొంతు దిగలేదు. ప్రాణం పోయింది.

తర్వాత పెద్దలు కూర్చున్నారు. ముక్క మింగలేదు కాబట్టి బల్ల ఇచ్చినట్టు కాదని తేల్చి, ఆవిణ్ణి క్షమించారు. క్షమించారట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

"పొద్దున్నే పెట్టుంటే తినేదండీ..." అన్నారు ఆవిడ. ఇంకెప్పుడూ బల్లకి రొట్టె కాల్చలేదు.

ఇప్పుడు మా లంకకి వంతెన ఉంది. పాస్టరు గారు బైకు మీద చిటికెలో వచ్చేస్తారు. ఇంక ఆడవాళ్లు బల్ల ఇవ్వాల్సిన అవసరం ఏముందంటారు మా పెద్దలు...

కొన్ని సంఘాల్లో ఇస్తున్నారని విన్నాను. మీలో ఎవరైనా ఆడమనిషి చేతి నుంచి ఆ రొట్టె అందుకున్నారా? ఎలా ఉంటుందో కాస్త చెప్పండి... మా ఇంట్లో ఎవరికీ తెలియదు.